అరవై రెండుకు బదులు ఎనభై నాలుగు

ఆ మంగళవారం పొద్దున నేను మైక్రోస్కోపులో అరవై రెండు కణాలు లెక్కపెట్టి, కాగితం మీద ఎనభై నాలుగు అని వేశాను. పొరపాటున కాదు. ఎండ బాగానే ఉంది, కళ్లు బాగానే ఉన్నాయి. అనుమానం వచ్చి రెండోసారి కూడా లెక్కపెట్టాను. అప్పుడూ అరవై రెండే. ఆ తర్వాతే ఎనభై నాలుగు వేశాను.

తొంభైల మొదటి ఏళ్లలో నేను సిద్దిపేట బస్టాండుకు దగ్గర్లో ఒక డాక్టరుగారి క్లినిక్‌లో రక్తపరీక్షలు చేసేవాణ్ణి. ముందు గదిలో ఆయన, వెనక గదిలో నేను, మధ్యలో పచ్చతెర. నా గదిలో కిటికీ ముందు బల్ల, బల్ల మీద ఒంటికంటి మైక్రోస్కోపు. దానికి బల్బు లేదు. కింద చిన్న అద్దం ఉండేది. దాన్ని అటూ ఇటూ తిప్పి వెలుతురును పట్టి పైకి పంపాలి. ముసురు పట్టిన రోజుల్లో మా రిపోర్టులు ఆలస్యంగా వచ్చేవి. జనం దాన్ని నా బద్ధకం అనుకునేవారు. కొంత అదీ ఉంది.

తెల్లకణాలు లెక్కపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. వేలికి సూది గుచ్చి, వచ్చిన రక్తాన్ని సన్నటి గాజుగొట్టంలోకి పీల్చి, ఊదారంగు నీళ్లలో కలిపి, గీతలు చెక్కిన గాజుపలక మీద ఒక చుక్క వదలాలి. ఆ గీతల్లో నాలుగు మూలల గళ్లు చూసి, కనబడిన కణాలన్నీ కూడి, యాభైతో హెచ్చవేయాలి. అరవై రెండైతే మూడు వేల నూరు. ఎనభై నాలుగైతే నాలుగు వేల రెండు వందలు. ఈ రెండు అంకెలకూ మధ్యన నాలుగు వేలు ఉంది. నా తప్పంతా ఆ నాలుగు వేల దగ్గరే జరిగింది.

ఆ రక్తం తొగుట పక్క ఊరి నుంచి వచ్చే ఒకామెది. నలభై ఏళ్లుంటాయి. బీడీలు చుట్టేది. భర్త భీవండిలో మగ్గాల మీద పనిచేసేవాడు కాబట్టి దవాఖానకు ఆమె వెంట తమ్ముడు వచ్చేవాడు. ఆమెకు రొమ్ములో గడ్డ లేచింది. కేన్సరని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులకు ఒకటి చొప్పున ఆరు డోసుల మందు నరానికి ఎక్కించాలన్నారు. మొదటి రెండు అక్కడే ఎక్కించారు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆమె పడే అవస్థ చూసి, మూడోదాని నుంచి మా డాక్టరుగారు ఇక్కడే ఎక్కించేటట్టు అక్కడి పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. ఆయన పంపిన కాగితంలో ఎలా ఉంటే అలాగే చేయాలి, సొంత తెలివి వాడకూడదు.

ఆ కాగితం రెండు పేజీలు. పెద్ద డాక్టరు సొంతంగా రాసింది కాదు, ఎవరో ముందే తయారుచేసి టైపు చేయించింది. పేరు కోసం, ఎత్తూ బరువూ రాయడం కోసం ఖాళీ జాగాలు వదిలారు. మిగిలిందంతా అందరికీ ఒకటే. బరువును బట్టి ఏ మందు ఎంత, ఎన్నాళ్లకు ఒకసారి అన్నది వరుసగా ఉంది. ప్రతి డోసుకు ముందు తెల్లకణాలు నాలుగు వేలు ఉండాలి, లేకపోతే ఆపి వారం తర్వాత మళ్లీ చూడాలి. మందు పడ్డాక వారానికీ రెండు వారాలకూ మధ్య కణాలు బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో కొంచెం జ్వరం తగిలినా ఏ వేళైనా సరే వెంటనే దవాఖానకు రావాలి. డాక్టరుగారు ఆ కాగితాన్ని తన బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నారు. అక్కడ అంతకుముందు నుంచీ దేవుడి పటాలు ఉండేవి. వాటిని కొంచెం పక్కకు జరిపారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె ఆ కాగితం వైపు చూసి అడిగింది.

"గిది రాసినాయన నన్ను సూసిండా సారు?"

"నిన్ను చూడలేదమ్మా. నీ అసోంటి రోగమున్నోళ్లను చానామందిని చూసి రాసిన్రు."

"బతికినోళ్లనా, పోయినోళ్లనా?"

"ఇద్దరిని."

"అయితే మంచిదే," అని ఆమె చెయ్యి చాపింది.

నాకు మాత్రం ఆ కాగితం నచ్చలేదు. అప్పటికి పదేళ్లుగా రక్తం చూస్తున్నాను. మనిషి గడప ఎక్కుతుంటేనే ఒంట్లో ఎంత రక్తముందో చెప్పగలనని నాకొక నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏమీ లేదు. నేను చెప్పింది ఒప్పయినప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి, తప్పయినప్పుడు మరిచిపోయేవాణ్ణి. ఎక్కడో కూర్చుని మనిషి ముఖం చూడకుండా నాలుగు వేలని గీత గీసినవాడికంటే, ముఖం చూస్తున్న నాకు ఎక్కువ తెలుసనుకున్నాను. డాక్టరుగారు రెండు పేజీలూ చదవమన్నారు. నాకు కావలసిన నాలుగు వేలు మొదటి పేజీలోనే ఉంది. ఆ పేజీతో ఆపాను.

ఆ మంగళవారం నాలుగో డోసు. ఆమె నా గదిలో స్టూలు మీద కూర్చుంది. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను గాజుపలక మీద చుక్క వేస్తుంటే అతను మొదలుపెట్టాడు.

"సారు, గీ మందు ఇయ్యాలనే పడాలె. ఒచ్చే శుక్రారం గాకుండ పై శుక్రారం మా ఊర్ల బొడ్రాయి పండుగ."

వాళ్ల పుట్టిన ఊరు నంగునూరు దాటాక వస్తుంది. ఊరి నడుమ పాతిన బొడ్రాయిని మళ్లీ నిలిపి పండుగ చేయడం ఏ ఇరవై ఏళ్లకో ఒకసారి. ఆ ఊళ్లో పుట్టిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. పెళ్లయి ఎక్కడికి పోయినా సరే, పిలిచి, పుట్టింటి కానుకగా ఒళ్లో ఒడిబియ్యం పోస్తారు. ఆఖరి రోజు ఊరి చుట్టూ కట్టు కడతారు. మర్నాడు పొద్దున కట్టు విప్పేదాకా లోపలివాళ్లు బయటికి పోరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు.

"ఇయ్యాల పడితె పండుగనాటికి కోలుకుంటది," అన్నాడు తమ్ముడు. "వారం ఆగుమంటె పండుగకు మూడొద్దుల ముంగట పడ్తది. మందు పడ్డంక నాలుగొద్దులు అక్క కక్కుకుంట బకెటు ఇడువది."

"నన్నెందుకు అడుగుతున్నవు? కణాలను అడుగు," అన్నాను.

"కణాలు నీ మాట ఇంటయి గద సారు."

"నువ్వు ఊకో," అని ఆమె తమ్ముణ్ణి ఆపింది. తర్వాత నాతో, అడిగినట్టు కాకుండా, ఊరికే చెప్పినట్టుగా అంది. "నన్ను గన్న అవ్వ పోయి పదకొండేండ్లు, తమ్మి. అవ్వ పోయినంక గా ఇంటికి నన్ను ఎవ్వలు పిలువలె. గీడు పెండ్లానికి బయపడి పిలువలె."

తమ్ముడు నేల చూశాడు.

"ఇప్పుడు ఊరే పిలిచింది. ఊరు పిలిస్తె గీని పెండ్లాం గూడ కాదనరాదు."

అంతకంటే ఆమె ఏమీ అడగలేదు. అబద్ధం రాయమని ఎవరూ నాతో అనలేదు. ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత చాలా రోజులు వాళ్లు అడిగారు కాబట్టి రాశానని నాకు నేనే చెప్పుకున్నాను. వాళ్లు అడిగింది పండుగ గురించి. అంకె నాది.

అరవై రెండు. ఆమె ముఖం వైపు చూశాను. తలమీద కొంగు కింద జుట్టు లేదు కానీ ముఖం తేటగానే ఉంది. ఎనభై నాలుగు రాశాను. సరిగ్గా ఎనభై అని రాస్తే డాక్టరుగారికి అనుమానం వస్తుందని నాలుగు కలిపాను. నాకు ఆ మాత్రం తెలివి ఉంది.

డాక్టరుగారు చీటీ చూసి, అద్దం కింది కాగితం చూసి, మందు ఎక్కించారు. పోతూ పోతూ ఆమె నా గదిలోకి తొంగిచూసి, "నీ కడుపు సల్లగుండ," అంది. నేను తల ఊపాను. ఆ పూట నేను చాలా మంచివాణ్ణి.

సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు కాగితంలో ఆ రెండో ముక్క గుర్తొచ్చింది. వారానికీ రెండు వారాలకూ మధ్య కణాలు పడిపోతాయి. వేళ్ల మీద లెక్కపెట్టాను. పండుగ పదో రోజు. అప్పటికే అరవై రెండు ఉన్నవి పదో రోజుకు ఎంతకు దిగుతాయో ఊహించడానికి నాకు మైక్రోస్కోపు అక్కర్లేదు. లేచి పచ్చతెర తీసి ముందు గదిలోకి వెళ్లి ఒక్క మాట చెప్తే సరిపోయేది. డాక్టరుగారు పేపరు చదువుకుంటున్నారు. చదువుకునేవాళ్లను కదిలించడం ఎందుకని తెర వేశాను. అలా పది రోజులు తెర వేసుకునే కూర్చున్నాను.

పదో రోజు శుక్రవారం, మధ్యాహ్నం రెండు దాటింది. నంగునూరు వైపు తిరిగే బస్సు కండక్టరు టిక్కెట్ల పెట్టె చంకలో పెట్టుకుని క్లినిక్‌లోకి వచ్చాడు.

"రక్తం జూసే సారు ఎవలు?"

నేనేనన్నాను.

"నీకొక మాట జెప్పుమన్నడు ఒకాయన. నేను రోడ్డు మీద ఉన్న, ఆయన కట్టు గీత అవుతల ఉన్నడు. ఆడికెల్లే ఒర్రిండు. వాళ్లక్కకు పొద్దుగాల సంది జరమట. రేపు కట్టు ఇప్పినంక తోల్కొస్తరట. పరవాలేదా అని అడుగుమన్నడు." తర్వాత చేతి గడియారం చూసుకున్నాడు. "మల్ల మూడున్నరకు పోత. పరవాలేదని జెప్పాల్నా, ఏం జెప్పాలె?"

పరవాలేదని చెప్పే అవకాశం ఆయన నా చేతిలోనే పెట్టాడు. దాన్ని వాడుకోలేదని చెప్పుకోవడానికి ఇందులో గొప్పేమీ లేదు. లేచి పచ్చతెర తీశాను, అంతే.

డాక్టరుగారి గదిలోకి వెళ్లి జ్వరం సంగతి చెప్పాను. ఆయన అద్దం కింద చూసి, "వెంటనే తేవాలని రాసి ఉన్నది గదా," అన్నారు. "పోయినసారి కౌంటు బాగనే ఉండె. అయినా తేవాల్సిందే."

"బాగలేదు సార్. అరవై రెండే ఉండె."

"ఎనభై నాలుగు అని రాసినవు."

"రాసిన సార్."

ఆయన కళ్లద్దాలు తీశారు. అరవలేదు. "ఎనభై నాలుగే ఎందుకు?"

"ఎనభై అని రాస్తే మీకు అనుమానం వస్తదని."

అద్దం పైకెత్తి కాగితం బయటికి తీసి, రెండో పేజీ తిప్పి నా ముందు పెట్టారు. కింది నుంచి మూడో ముక్క. అవసరమైతే, పెద్ద డాక్టరును అడిగి, డోసును రెండు వారాల దాకా వాయిదా వేయవచ్చు. దానివల్ల చికిత్స చెడదు.

"పండుగ అయినంకనే పెట్టేటోళ్లం," అన్నారు. "ఒక్క ఫోను. నువ్వు ఈ పేజీ చదివినవా?"

"లేదు సార్."

స్కూటరు తాళంచెవి బల్ల మీద పెట్టారు. "నువ్వు పో. నేను హైదరాబాదుకు ఫోను చేసి, ఇక్కడ మందు తయారుగ పెడ్త."

"కట్టుల ఉన్నరు సార్. పంపకపోతే?"

"ఎందుకు పంపాల్నో నీకంటే బాగ ఎవరికి తెలుసు? అదే చెప్పు."

పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీశారు. ఆ గీత మీదుగా రెండు గుంజలకు పసుపు దారం కట్టి వేపమండలు వేలాడదీశారు. స్కూటరు ఆపకపోతే తెగిపోయేటంత సన్నటి దారం. ఆపాను. అవతల చెట్టునీడలో కర్రలు పట్టుకుని ఐదారుగురు కూర్చున్నారు. మధ్యలో తలపాగా చుట్టుకున్న ముసలాయన, ఊరి పెద్ద.

"ఎవలు?"

"సిద్దిపేట దవాఖాన నుంచి. మీ ఆడబిడ్డకు జ్వరమని తెలిసింది."

"గోలీ ఇచ్చినం. రేపు పొద్దుగాల ఒస్తది, పో."

"రేపటిదాంక ఆగరాదు."

"జరానికి గింత పరేషాన్ ఏంది? మాకు రాలేదా జరాలు?" అన్నాడు పక్కవాడు.

పెద్దాయన కర్రతో దారాన్ని చూపించాడు. "నువ్వు సదువుకున్నోనివి. ఒక్కలు దాటినా కట్టు ఇరిగినట్టే. ఇరవై రెండేండ్లకు జేసుకుంటున్నం. ఊరికి ఏమన్నయితే నువ్వు జవాబు జెప్తవా?"

ఇక చెప్పక తప్పలేదు. గీత ఇవతల నిలబడి, అవతలికి వినబడాలి కాబట్టి గట్టిగానే చెప్పాను.

"రక్తం చూసింది నేనే. ఆమె రక్తంల బలం లేదని నాకు తెలుసు. తెలిసి ఉన్నదని రాసిన. పడకూడని రోజు మందు పడ్డది. ఇప్పుడు ఆమె ఒంట్ల ఆ జ్వరంతోటి కొట్లాడేది ఏం లేదు. రేపటికి మనిషి దక్కకపోవచ్చు."

డప్పులు ఊరి నడుమ మోగుతున్నాయి.

"ఎందుకు రాసినవు?" అన్నాడు పెద్దాయన.

"పండుగకు రావాలని."

"మా పండుగకా?"

"ఆ."

ఆయన పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లలో ఒకడు, "మన పండుగకు గింత పని జేసినోడు మన ఊర్లనే లేడు," అన్నాడు. ఇంకొకడు నవ్వబోయి ఆపుకున్నాడు. అప్పటికే ఆమె తమ్ముడు వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. అతని ముఖంలోకి నేను చూడలేదు.

పూజ చేయించే బైండ్లాయనను పిలుచుకొచ్చారు. మోచేతుల దాకా పసుపు పూసుకుని ఉన్నాడు. పూజ మధ్యలో లేపినందుకు విసుగ్గా ఉన్నాడు. సంగతంతా విని, నన్ను కాదు, పెద్దాయనను అడిగాడు.

"కట్టు ఎవలకు?"

"ఊరికి."

"ఊరంటె ఎవలు? గీడ పొయ్యి ఉన్నోళ్లు. ఆమె పొయ్యి ఏడున్నది?"

"తొగుట దిక్కు."

"మరి ఆమెకు కట్టు లేదు. ఆమె ఒచ్చింది సుట్టమై. ఒడిబియ్యం పోసినంక సుట్టాన్ని ఆపే కట్టు ఏడ లేదు."

పక్కవాడు ఒప్పుకోలేదు. "గట్లయితె అల్లుండ్లందరికి గీడ పొయ్యి లేదు. పొద్దటిసంది ఒకటే గొడవ, పోతం పోతం అని."

"జరమొచ్చినోళ్లకే అంటున్న."

"వాళ్లకు గూడ జరమే. కల్లు జరం."

"కల్లు జరానికి మందు ఊర్లనే ఉన్నది," అన్నాడు బైండ్లాయన. "ఆమెను తేండ్రి. దారం తెంపొద్దు, కట్టెతోటి లేపుండ్రి. తన కాళ్లతోటి దాటాలె. ఊరోళ్లు ఎవ్వలు ఎంట పోవద్దు."

ఆ ఊరి ఆచారంలోనూ ఒక రెండో పేజీ ఉంది. అది చదివినవాడు అక్కడ ఉన్నాడు.

ఎడ్లబండి మీద తీసుకొచ్చారు. కొత్త చీర, నుదుట పెద్ద బొట్టు, ఒళ్లో ఒడిబియ్యం మూట. పళ్లు కొట్టుకుంటున్నాయి. ఇద్దరు రెండు వైపులా కర్రలతో దారాన్ని పైకి లేపితే, వంగి, తన కాళ్లతోనే దాటింది. దాటి స్కూటరు వెనక కూర్చుంది కానీ పట్టుకునే బలం లేదు, పక్కకు వాలిపోతోంది. తమ్ముడు అవతల నిలబడి తువ్వాల విప్పాడు.

"చేతులు దాటొచ్చునా?" అని అడిగాడు.

బైండ్లాయన ఆలోచించాడు. "చేతులు దాటొచ్చు. కాళ్లు దాటొద్దు."

స్కూటరును వెనక్కి నెట్టి వెనక చక్రం గీతకు ఆనించాను. తమ్ముడు లోపల నిలబడి చేతులు చాపి, ఆమెనూ నన్నూ కలిపి తువ్వాలతో కట్టాడు. పెద్దాయన అతని కాళ్లనే చూస్తున్నాడు. ముడి చాలా గట్టిగా వేశాడు. డొక్కలో నొప్పి పుట్టింది. వదులు చేయమని అడగలేదు.

నంగునూరు దాటేదాకా ఆమె ఒంటి వేడి నా వీపుకు తగులుతూనే ఉంది. తర్వాత, "బియ్యం పోయినయా, ఉన్నయా?" అంది.

"ఉన్నయక్కా. మన నడుమనే ఉన్నయి."

"పొద్దుగాలనే పోసిన్రు. మా మరదలే పోసింది."

"అక్కా, నేను చేసింది..."

"ఇన్న. గీత కాడ ఒర్రినవు గద, ఊరంత ఇన్నది." ఒక దగ్గు దగ్గి ఆగింది. "బీడీలు జూసే ముంశీ గట్లనే జేస్తడు, కొత్తోడయితె. సుట్టేటామె ముఖం జూసి పాస్ జేస్తడు. పై కార్ఖానల ముఖం జూడరు, కట్ట వాపస్ ఒస్తది. మల్ల నేనే సుట్టాలె."

సిద్దిపేట వచ్చేదాకా, ఆమె తల నా భుజానికి తగిలినప్పుడల్లా ఇంకా ఉందని తెలిసేది.

క్లినిక్‌లో మొదట రక్తం తీశాను. నాలుగు మూలలూ కలిపి పద్నాలుగు. మూడుసార్లు లెక్కపెట్టాను, ఎక్కడైనా ఇంకొకటి దాగి ఉందేమోనని. లేదు. ఏడు వందలు. చీటీ మీద ఏడు వందలని రాసి ఇచ్చాను. డాక్టరుగారు చీటీ తీసుకుని మళ్లీ పచ్చతెర ఎత్తి లోపలికి వచ్చి, తనే మైక్రోస్కోపులో ఒకసారి చూసి వెళ్లారు. పదేళ్లలో ఆయన అలా చూడడం అదే మొదలు. కాగితంలో జ్వరానికి ఏ మందు రాసి ఉందో ఆ మందే పెట్టి, సెలైను ఎక్కిస్తూ, చీకటి పడకముందే జీపులో హైదరాబాదు పంపారు. కాగితం చేతికిచ్చి, వెంట నన్నే పొమ్మన్నారు.

అక్కడ ఆమె పన్నెండు రోజులు ఉంది. మొదటి నాలుగు రోజులు ఏ సంగతీ తేల్చి చెప్పలేమన్నారు. ఐదో రోజు జ్వరం దిగింది. ఆ నాలుగు రోజులూ నేను ఆ దవాఖాన వరండాలో కూర్చుని రెండో పేజీ చదివాను. మొత్తం పదకొండు ముక్కలు. కొన్ని ఇప్పటికీ వరస తప్పకుండా చెప్పగలను.

అక్కడి పెద్ద డాక్టరుకు ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. నాలుగో డోసు ముందు అసలు లెక్క మూడు వేల నూరు, రిపోర్టులో నాలుగు వేల రెండు వందలని ఉంది, అలా రాసింది డాక్టరుగారు కాదు, నేను. ఆయన నా ముందే చదివి కేసుషీటుకు గుచ్చాడు. పక్కనున్న చిన్న డాక్టరుతో, మిగిలిన రెండు డోసుల్లో మందు పావువంతు తగ్గించమని చెప్పాడు. జ్వరం వచ్చి లేచినవాళ్లకు అలా తగ్గించాలని కాగితంలోనే ఉంది. నన్ను తిడతాడని నిలబడ్డాను. తిట్టలేదు. ఆ రెండు పేజీల్లో నాలాంటివాణ్ణి ఏం చేయాలన్న ముక్క లేదు. ఇంక వెళ్లమన్నాడు.

మా డాక్టరుగారు పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే బాగుండునని కొన్నాళ్లు అనుకున్నాను. ఆయన చేసిందల్లా, పాత రిజిస్టరు తెచ్చి, ఆ మంగళవారం నాటి వరసలో ఎనభై నాలుగును ఎర్రసిరాతో కొట్టి, పక్కన అరవై రెండు రాసి, కింద సంతకం పెట్టమనడం. పెట్టాను.

ఐదో డోసు దగ్గర పడుతుంటే ఆయనను ఒకటి అడిగాను. ఆమె ఇకమీద రక్తం కోసం సిద్దిపేట దాకా రావాల్సిన పని లేకుండా, డోసు రోజు పొద్దున నేనే వాళ్ల ఊరికి వెళ్లి చూసి వస్తాను. సరిపడా ఉంటే నాతో తీసుకొస్తాను, లేకపోతే ఆమె ఇంట్లోనే ఉంటుంది. బస్సులో నలిగి వచ్చి ఒట్టి చేతులతో తిరిగిపోయే బాధైనా తప్పుతుంది.

"మైక్రోస్కోపు?"

"తీసుకపోత సార్."

"పగిలితే?"

"ఒళ్లోనే పెట్టుకుంట."

ఆయన కాసేపు ఆలోచించి, "పది గంటలకల్ల వాపస్ రావాలె," అన్నారు.

చెక్కపెట్టె ఒళ్లో పెట్టుకుని మొదటి బస్సెక్కాను. "ఏందన్న, హార్మోనియమా? ఒక పాట అందుకో మరి," అన్నాడు కండక్టరు. తొగుట దగ్గర దిగి, ఇంకొంత నడిచి వాళ్లింటికి చేరేసరికి ఆమె అరుగు మీద కూర్చుని చాటలో బీడీ ఆకు కత్తిరిస్తోంది. రేకు ముక్కను ఆకు మీద పెట్టి, దాని అంచు వెంట కత్తెర తిప్పుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. తలమీద సన్నగా వెంట్రుకలు మొలుస్తున్నాయి.

వేలికి సూది గుచ్చి, చుక్క వేసి, పెట్టెలోంచి మైక్రోస్కోపు తీసి అరుగు మీద పెట్టి, అద్దాన్ని ఎండకు తిప్పాను. లెక్కపెట్టాను. ఆమె ముఖం వైపు చూడలేదు. మళ్లీ లెక్కపెట్టాను. తర్వాత పక్కకు జరిగాను.

"నువ్వు చూడక్కా."

"నేనా? నాకేమెరుక?"

"లెక్కపెట్టుడే. నాలుగు మూలలు చూపిస్త. ఊదారంగు సుక్కలు."

ఒక కన్ను మూసి, నోరు కొంచెం తెరిచి చూసింది. కట్టకు ఇరవై ఐదు బీడీల లెక్కన పదిహేనేళ్లుగా లెక్కపెడుతున్న మనిషి. మొదటి రెండు మూలలకే నా చేతి మీద తట్టి, అద్దం సరిగా పట్టుకోమంది. నాలుగు మూలలూ అయ్యాక తలెత్తింది.

"మూడు కట్టలు. మీద ఒకటి."

నాకూ డెబ్బై ఆరే వచ్చింది.

"ఎన్నుండాలె?"

"ఎనభై."

"నాలుగే తక్కువ." మళ్లీ కత్తెర చేతిలోకి తీసుకుంది. "ఏడన్న మూలకు ఉన్నయేమో, ఇంకొకపారి సూడరాదు?"

"లేవక్కా."

"పండుగ లేదు, పబ్బం లేదు. ఊకెనే అడుగుతున్న."

ఆమె నవ్వుతోందో లేదో తలవంచుకుని ఉండడం వల్ల కనబడలేదు. చీటీ మీద మూడు వేల ఎనిమిది వందలని రాసి ఆమెకు చూపించాను. ఆమె అంకెలు చదవగలదు. చదివి, తల ఊపి, రేకు కింద ఇంకో ఆకు పెట్టింది.

మైక్రోస్కోపు తుడిచి పెట్టెలో పెట్టి, పది గంటలకల్లా సిద్దిపేట చేరి, చీటీ డాక్టరుగారికి ఇచ్చాను. తర్వాతి మంగళవారం మళ్లీ మొదటి బస్సుకు వెళ్లాను.